పదును ఆరకముందే ఇచ్చిన చెక్కు

ఈ మాట మోస్తూనే ముసలివాణ్ణయ్యాను. ఇంట్లో వాళ్లకు చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను. జాలిపడొద్దు, నాకది గిట్టదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరులో నాకు వేరుశనగ మండీ ఉండేది. మా అక్కను వేముల దగ్గరి పల్లెకు ఇచ్చాం. బావంటే నాకు మొదటినుంచీ పడదు. ఒకసారి పెళ్లిపందిట్లో నలుగురి ముందు, "మా బామ్మర్ది తక్కెడ గూడా అబద్ధం చెప్తాదప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఆ ఏడు బావ తన వేరుశనగ పంటంతా నా మండీలో దించి, ధర వచ్చినప్పుడు అమ్మిపెట్టమని చెప్పి వెళ్లిపోయాడు. చుట్టాల మధ్య రసీదు అడిగే అలవాటు లేదు. బద్ధకించి ఆయన బస్తాలు పెరట్లోనే ఉంచాను. తుఫాను వాన పట్టుకుంది. కాయలు బూజుపట్టాయి. తడిసినవే తెచ్చావన్నాను, సగం ధరే ఇస్తానన్నాను. నెలల తరబడి గొడవ. చివరికి ఒక ప్లీడరు ఉపాయం చెప్పాడు: చెక్కు వెనకాల "బాకీ పూర్తిగా ముట్టింది" అని రాసి ఇవ్వు, పుచ్చుకుని సంతకం చేసినవాడు మళ్లీ నోరెత్తలేడు.

వెంటనే ఇచ్చానా? లేదు. వాన కోసం కాచుకున్నాను. తొలకరి పడ్డాక నేలలో పదును, అదే విత్తడానికి సరిపడే తడి, ఉండేది నాలుగైదు రోజులే, ఆ రోజుల్లో విత్తనాలు కొనడానికి రైతు దేనికైనా తలవంచుతాడని మండీవాడికి తెలియనిదా?

బావ చెక్కును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందప్పా ఇది? సగం దుడ్లేనా?"

"ఇష్టముంటే తీసుకో. లేకుంటే కోర్టుకు పో."

"పదును ఆరిపోతాంది, ఇత్తనాలు కొనల్ల. తెలిసే గదా ఈపొద్దు ఇస్తాండావు?"

"ఎనకాల సంతకం చెయ్."

చేశాడు. చదువు వచ్చినవాడే, చదివే చేశాడు. నాకెంత హాయిగా ఉండిందో! ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తర్వాత నన్ను దొంగ అని ఊరూరా చాటాడు. నేను ఆ చెక్కును బ్యాంకులో అడిగి తెచ్చి పెద్దమనుషుల ముందు పెట్టాను. సంతకం చూసి అందరూ ఆయన్నే తప్పుపట్టారు. అక్క కూడా. మొగుడితో మాట్లాడటం మానేసింది. ఆయన పోయేదాకా అన్నం పెట్టేది, పక్కకు వెళ్లిపోయేది. నేను ఒక్క మాట ఒప్పుకుని ఉంటే ఆ కాపురం నిలబడేది. ఎందుకు ఒప్పుకోలేదు? పరువు పోతుందనా, కసి తీరకనా? రెండూ ఉన్నాయి. కసే ఎక్కువ.

అక్క ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. "నా తమ్మునిమీద నింద ఏసి పాయె, పాపిష్టోడు" అని పోయినవాణ్ణి ఇప్పటికీ తిడుతుంది. ఆమె వడ్డించిన అన్నం కలుపుకుంటూ వింటాను, ఊఁ కొడతాను.

బావంటే నాకు ఈనాటికీ పడదు. కానీ ఆయన తెచ్చినవి ఎండుకాయలే, అక్కా. తడిపింది నేను.