వదిన కడిగిన ఆఖరి రీలు

మా వదిన, అంటే మావారి అక్క, దేనికీ జంకే మనిషి కాదు. పెళ్లి వద్దనుకుని తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. ఆయన ఊరంతా తిరిగి ఫోటోలు తీసేవారు. ఆ రీళ్లను మా స్నానాల గదిలో వదిన కడిగేది. కిటికీకి నల్ల దుప్పటి, తలుపు కింద సందులో తువ్వాలు. లోపల చీకట్లో ఉండి కూడా నాతో పోట్లాడేది. "పాలు మాడుతున్నాయి, నీ ముక్కు ఎక్కడ తాకట్టు పెట్టావే?" అని అరిచేది.

ఆమె దగ్గర రెండు పాత టానిక్కు సీసాలుండేవి. ఒకదానిలో బొమ్మను పైకి తెచ్చే డెవలపరు, రెండోదానిలో తేలిన బొమ్మను నిలబెట్టే ఫిక్సరు. రెండు గిన్నెల్లో పోసి, ఫిల్మును చంటిపిల్లను ఊపినట్టు ఊపేది. వరస తప్పి ఫిక్సరులో ముందు ముంచితే బొమ్మలన్నీ కరిగిపోతాయి. సీసాల మీద పేర్లు రాయమంటే నవ్వేది.

"చీకట్లో చదవడానికి నేనేమన్నా గుడ్లగూబనా? కుళాయికి ఎడమ పక్కది ముందు, కుడి పక్కది తర్వాత. అంతే."

మావారు జబ్బు చేసి పోయారు. ఇంటికి వచ్చినవాళ్లు స్నానాలకు అడ్డమని సీసాలు తీసేశారు, ఎవరో మళ్లీ తెచ్చి పెట్టారు. ఏది ఎటు పెట్టారో ఎవరికీ తెలియదు.

కెమెరాలో ఒక రీలు మిగిలింది. అందులో ఆయన ఫోటో ఉంది. మా పెళ్లిలో కూడా ఆయన కెమెరా ఎవరికీ ఇవ్వలేదు, ఆ ఫోటోల్లో నేనొక్కదాన్నే పెళ్లి చేసుకున్నట్టుంటాను. ఆసుపత్రికి బయల్దేరే ముందు మాత్రం మెట్ల మీద కూర్చుని, "తల తెగ్గొట్టకుండా తియ్యవోయ్" అని నా చేతికిచ్చారు. ఆయన ఫోటో అదొక్కటే.

వదిన ఆ రీలును చుట్టి, బయటికి తీసి పంచదార డబ్బా వెనక దాచింది. బయట ఇద్దామంటే, "ఇది నలుపు తెలుపు రీలు, ఇప్పుడన్నీ రంగుల మిషన్లే, నాశనం చేస్తారు" అంది. తాను కడగదు. ఒక ఉదయం వచ్చి, "రావే, నువ్వు లేకుండా నావల్ల కాదు" అంది. ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు.

స్నానాల గదిలో దీపం వేసి, సీసాలు రెండూ చెరో గిన్నెలో పోసి వాసన చూసింది. ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసింది.

"ఫిక్సరు పుల్లటి వాసనొస్తుంది. నాకేమీ తెలియట్లేదు, నువ్వు చూడు."

చూశాను. నాకు రెండింట్లోనూ ఆసుపత్రి వాసనే కొట్టింది.

వదిన బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. "నా తమ్ముణ్ని నా చేత్తోనే తుడిచేస్తానేమోనే" అంది.

రీలు చుట్టేటప్పుడు మావారు నాలుకంత ముక్క ఎప్పుడూ బయటే వదిలేవారు, వదినా అలాగే వదిలింది. వెలుతురు తగిలిన ముక్క, అందులో బొమ్మ ఉండదు. వదిన దాన్ని గోటితో గీకుతూ కూర్చుని, ఉన్నట్టుండి ఆగింది.

"కత్తెర తే."

ఆ నాలుకను కోసి, రెండు ముక్కలు చేసి, చెరో గిన్నెలో వేసింది. వంగి చూశాం. కుడి గిన్నెలోది మెల్లగా నల్లబడింది. ఎడమ గిన్నెలోది గాజులా తేటపడిపోయింది.

డెవలపరు కుడివైపుంది. అలవాటు చొప్పున ఎడమ గిన్నెలో ముంచి ఉంటే ఆయన లేనట్టే. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. వదిన గిన్నెలు అటుదిటు మార్చి, నన్ను బయటికి పంపి, దీపం ఆర్పింది.

తలుపు తోసేవాళ్లెవరూ లేకపోయినా నేను వీపు ఆనించి నిలబడ్డాను. లోపల నీళ్ల చప్పుడు.

"ఉన్నావా?"

"ఉన్నాను వదినా."

"ఊరికే నిలబడకుండా ఏదన్నా మాట్లాడవే. నన్ను తిట్టినా సరే."

"మీ ముక్కు ఎక్కడ తాకట్టు పెట్టారు?" అన్నాను. లోపలి నుంచి నవ్వో ఏడుపో వినిపించింది.

చాలాసేపటికి కుళాయి ఆగి తలుపు తెరుచుకుంది. వదిన బయటికొచ్చి తడి ఫిల్మును గది కిటికీ వెలుగులో పైకెత్తింది. నేను కళ్లు మూసుకున్నాను.

"చూడవే. నీ మొగుడు ముసలాడైపోయాడు."

చూశాను. నెగటివులో మొహం నల్లగా, జుట్టు తెల్లగా, మెట్ల మీద కూర్చున్నారు. తల ఉంది. పాదాలే తెగిపోయాయి.

ఫిల్మును తాడుకు క్లిప్పులతో వేలాడదీశాం. దుమ్ము పడుతుందని ఫ్యాను ఆపేసి, ఉక్కపోస్తున్నా కదలకుండా, అది ఆరేదాకా ఇద్దరం దాని కిందే కూర్చున్నాం.