వోచర్ మీద వచ్చినావిడ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము అట్లాంటా శివారులో పెద్ద ఇల్లు కొనుక్కుని, అంతకుముందున్న చిన్న టౌన్‌హౌస్‌ని అద్దెకు పెట్టాం. బోర్డు చూసి మొదట ఫోన్ చేసింది ఒక హాస్పిటల్ వంటశాలలో పనిచేసే నల్లజాతి ఆవిడ. యాభై దాటిన మనిషి. వెంట స్కూలుకెళ్ళే మనవరాలు.

పేదల కోసం ప్రభుత్వం ఊరి మధ్య కట్టిన ఇళ్ళల్లోనే ఆవిడ జీవితమంతా గడిచిందట. వాటిని పడగొట్టి, డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి ఉండేలా కొత్తవి కడుతున్నారు. అందాకా బయట అద్దెకుండమని వోచర్ ఇచ్చారు. అద్దెలో కొంత ఆవిడ కడితే మిగతాది ప్రభుత్వం కడుతుంది.

ఈ సంగతి విని మా ఆయన స్నేహితుడు, "సెక్షన్ ఎయిట్ వాళ్ళకి, అదే ఈ వోచర్ల వాళ్ళకి, ఇవ్వకండి వదినా, రేపు అమ్ముదామన్నా బయ్యర్ దొరకడు" అన్నాడు. మా ఆయనా తటపటాయించాడు. నాకు మాత్రం ఆవిడ ఇల్లు చూసిన తీరు నచ్చింది. ప్రతి కుళాయీ తిప్పింది. ఓవెన్ తలుపు తీసి, పెద్ద గిన్నె పడుతుందో లేదో చేతులతో కొలుచుకుంది. ఇస్తానన్నాను.

దానికి ముందు ఇల్లు ఇన్‌స్పెక్షన్ చేయాలన్నారు వోచర్ ఆఫీసువాళ్ళు. మేము అన్నేళ్ళు కాపురం చేసిన ఇల్లు అందులో ఫెయిలైంది. వెనక మెట్లకి రెయిలింగ్ లేదు, పడగ్గది కిటికీ తెరుచుకోదు. మా ఆయన సణుక్కుంటూనే రెండూ బాగుచేయించాడు.

ఆవిడ మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. కొన్నేళ్ళకి కొత్త ఇళ్ళు పూర్తయ్యాయి, తిరిగి రావచ్చని కబురొచ్చింది. చూసొద్దామంటే నేనే కార్లో తీసుకెళ్ళాను. వీధులు కూడా మార్చేశారు. తన పాత ఇల్లు ఎక్కడుండేదో ఆవిడకి అంతుపట్టలేదు. ఇల్లు చూపించే అమ్మాయిని అడిగితే, తాను ఈమధ్యే ఉద్యోగంలో చేరానంది. వంటిల్లు మా ఇంటిదానికన్నా బాగుంది. ఇంటి ముందు కుర్చీలు వేసుకోకూడదు, బయట బార్బెక్యూ పొయ్యి పెట్టకూడదు అని ఆ అమ్మాయి చెబుతుంటే ఆవిడ తలాడిస్తూ వింది.

తిరుగుదారిలో నేను, ఆవిడ అక్కడికి ఇక వెళ్ళదులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత మంచి మనిషిని వదులుకోవడం నాకూ ఇష్టం లేదు. ఆ రూల్స్‌తో ఎలా ఉంటారని అడిగాను.

"ఉంటాను. పాతవాళ్ళం ఎవరమూ వెళ్ళకపోతే, అక్కడ మేముండేవాళ్ళమని ఎవరు చెప్తారు?" అంది.

ఆ వేసవిలోనే వెళ్ళిపోయింది. మరుసటేడు మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. మనవరాలు కాలేజీకని వేరే ఊళ్ళో ఉంటోంది. పాత ఇరుగుపొరుగులో తిరిగొచ్చినవాళ్ళు కొద్దిమందేనట. మిగతావాళ్ళు వోచర్లతో తలో దిక్కూ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. పక్కింట్లో సొంతానికి కొనుక్కున్న కుర్ర జంట ఉంది. ఇన్నాళ్ళూ హలో తప్ప మాటల్లేవు కానీ, ఆవిడ మంచం పట్టినప్పటి నుంచి వారం వారం చెత్తబండి కోసం ఆవిడ చెత్తడబ్బా వాళ్ళే రోడ్డు మీద పెడుతున్నారు.

వాళ్ళ పేర్లేమిటని అడిగాను. ఇంకా తెలియదంది. కాలు నేల మీద పెట్టగానే వెళ్ళి అడుగుతానంది.