శంకరమ్మ “పొద్దుమీకి” అన్న మాట

నా పాత నోటుబుక్కును టైపు చేసి ఈ బ్లాగులో పెడతానని మా మనవరాలు అడగడంతో ఈ ప్రయాణం మొదలైంది. పదిహేనేళ్ల వయసులో స్నేహితురాళ్ల గురించి నేను రాసుకున్న పుస్తకమది. తుంగభద్ర కాలువకు నీళ్లు వచ్చిన కొత్తల్లో మా నాన్నగారు గుంటూరు జిల్లా నుంచి రాయచూరు జిల్లాకు వెళ్లి, గోరేబాళ దగ్గర ఆంధ్రా రైతుల క్యాంపులో ఉంటూ వరి వేశారు. నోటుబుక్కులో ఎక్కువ పేజీలు శంకరమ్మవే. ఆమె ఆ ఊళ్లో తన మేనమామ కొట్టు చూసుకుంటూ తెలుగు, కన్నడం, ఉర్దూ మూడింటిలోనూ బేరమాడేది. చివరి పేజీలో మాత్రం ఇలా ఉంది: “రేపు నేను హాస్టలుకు పోతున్నాను. పొద్దున్నే తూము దగ్గరికి వస్తానన్న శంకరమ్మ రాలేదు. ఆరు నుంచి పదకొండున్నర దాకా నిలబడ్డాను. అబద్ధాలకోరు. ఇక మాట్లాడను.” అన్నంత పనీ చేశాను. ఒక మనిషిని అబద్ధాలకోరని నలుగురికీ చెప్పేముందు ఆమెను అడగాలి. ఆమె వద్దంటే పుస్తకం మొత్తం తిరిగి పెట్టెలోకే పోతుందని మనవరాలికి ఖచ్చితంగా చెప్పాను.

శంకరమ్మ ఇప్పుడు కల్లూరులో కొడుకు దగ్గర ఉందని బంధువుల ద్వారా తెలిసింది. గుంటూరులో బయలుదేరి, గుంతకల్లులో రైలు మారి, సాయంత్రానికి రాయచూరు చేరాను. స్టేషన్ దగ్గర లాడ్జిలో గది ఎనిమిది వందలు, దుప్పటి మార్పించుకున్నాను. మర్నాడు ఎనిమిదీ నలభైకి మాన్వి వెళ్లే బస్సెక్కితే కండక్టరు చెయ్యి చాపాడు.

“అజ్జీ, ఆధార్ తోరిసి.”

చూపించాను. అటూ ఇటూ తిప్పి నవ్వాడు. “ఇది ఆంధ్రాది కదమ్మా! ఫ్రీ మా కర్ణాటక అజ్జీలకే. ముప్పై అయిదు ఇయ్యి.”

ఇచ్చి టికెట్టు తీసుకున్నాను. దారంతా నల్లరేగడిలో పత్తి చేలే. తొమ్మిదిన్నరకు కల్లూరులో దిగాను.

శంకరమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది కానీ లేవలేదు.

“అరవై ఏండ్లకు తోవ దొరికిందా సీతా?”

కూర్చోకుండానే చివరి పేజీ చదివి వినిపించాను. చేట ఆగింది.

“పొద్దుగాల ఎవరు రమ్మన్రే నిన్ను? నేను పొద్దుమీకి వస్తనంటి.”

“అదేగా. పొద్దున్నే అని.”

“నీ మొకం! పొద్దుమీకంటే మాపటికి, దీపాలు పెట్టే యాళ్లకు. పంతులమ్మవైనవంట, గీ మాట తెల్వదా?”

నేను అరుగుమీద కూర్చున్నాను. ఆ సాయంత్రం ఆమె వేరుశనగ ఉండలు మూటగట్టుకుని తూము దగ్గరికి వచ్చిందట. “క్యాంపు పిల్ల, పెద్ద చదువులకు పోతున్నది, ఇంక నాతోటి ఏం మాట్లాడ్తదనుకున్న,” అంది చేట వైపు చూస్తూ.

పెన్ను తీసి ఆ పేజీ కొట్టివేయబోతే చెయ్యి పట్టుకుంది. “కొట్టెయ్యకు. నువ్వు నిలవడ్డది గూడ నిజమే గద. కింద నాది గూడ రాయి.”

“ఎప్పటిదాకా ఉన్నావు?”

“గడియారం నీ చేతికుండె, నాకేడిది? కాల్వల నీళ్లు నల్లగయ్యేదాంక.”

అలాగే రాశాను. అది చదివించుకుని, జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, “ఇంక ఎవరికన్న చూపించుకో, పో,” అంది.

ఆ పుస్తకంలో ప్రతి కలయికకూ గంట, నిమిషం రాశాను. తెలియని మాటకు అర్థం అడగలేదు. ఆ వయసులో నా చేతిరాత చక్కగా ఉండేది, అంతవరకే మెచ్చుకుంటాను. ఇన్నేళ్లూ మనసులో ఉంచుకుని కూడా నా వైపు మాటను కొట్టివేయనివ్వని శంకరమ్మ న్యాయబుద్ధి ముందు అదెంత? ఆ పుస్తకంలో గంట, నిమిషం లేని ఒకే ఒక్క పద్దు ఇప్పుడు ఆమెది. అన్నిటికన్నా సరైనదీ అదే.

అటు వెళ్లేవారికి ఒక సూచన: కల్లూరులో ఎవరైనా బస్సు పొద్దుమీకి వస్తుందంటే ఉదయమే వెళ్లి నిలబడకండి. సాయంత్రం వెళ్లండి, తప్పకుండా వెళ్లండి.