ముప్పై ఏడో అట్ట

మా చిన్నప్పుడు... నన్ను కాలేజీలో చేర్పించింది ఎలుకలంటే నమ్ముతారా?

గద్వాలలో మాది మగ్గం ఇల్లు. చీర అంచు మీద హంసలు రావాలంటే మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలుండాలి. ఒక్కో అట్టతో బొమ్మలో ఒక్కో వరుస పడుతుంది. వాటిని దారంతో దండలా వరసగా కుట్టి వేలాడదీస్తారు; ఆ దండ ఒక చుట్టు తిరిగితే ఒక హంస పూర్తవుతుంది. ఆ ఎండాకాలం ఎలుకలు ఆ దారాన్ని కొరికేశాయి... అట్టలన్నీ నేలపాలు. మళ్ళీ కుట్టే పని నా మీద పడింది.

నేనప్పుడే పదో తరగతి పాసయ్యాను. ఇంటర్లో లెక్కల గ్రూపు తీసుకుంటానని నా పట్టు.

"అండ్ల అందరు మొగపోరగాండ్లే ఉంటరు. వద్దు బిడ్డా," అనేవాడు నాయిన.

ఆయన వద్దన్నకొద్దీ నాకు మొండితనం పెరిగింది. అడిగి తెచ్చుకున్న ఇంటర్ లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక కన్ను దాని మీద, ఒక కన్ను అట్టల మీద వేసి కుట్టేశాను. పైగా ఎంత తొందరగా ముగించానో అని గొప్ప ఒకటి...

నాయిన మూరెడు నేసి చూస్తే, ప్రతి హంసకీ మెడ తెగినట్టు అడ్డంగా ఒక గీత! అదేమో పెండ్లి చీర.

"పుస్తకంల తల పెట్టి కుట్టినవ్. గిదేనా నీ సదువు? కాలేజీ లేదు గీలేజీ లేదు, ఇంట్ల దారం కండెలు సుట్టు!"

తప్పు నాదే. నాయిన అట్టలన్నీ విప్పబోతుంటే అమ్మ అడ్డుపడింది. "జర ఆగు. కుట్టింది అదే గద, దాన్నొకసారి సూడనియ్యి."

సూది తీసుకుని హంస కాళ్ళ దగ్గర్నుంచి ఒక్కో వరుసా లెక్కపెట్టుకుంటూ పోయాను. మొదటి హంసకు ముప్పై ఏడో వరుసలో తెగింది. రెండోదానికీ అక్కడే. మూడోదానికీ అక్కడే.

"నాయినా, అన్నీ విప్పకు. ముప్పై ఏడో అట్ట ఒక్కటే తిరగబడ్డది."

"గట్లెట్ల చెప్తవ్?"

"తప్పు అన్నిట్ల ఒక్క తాననే ఉంది గద."

ఆయన నమ్మలేదు. మొదటి అట్ట నుంచి తానే లెక్కపెట్టాడు. ముప్పై ఏడోది నిజంగానే బోర్లా ఉంది. దాన్ని తిప్పి కుట్టాడు, నేసిందంతా విప్పాడు, మళ్ళీ నేశాడు. కాలేజీ లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇక నా చదువు అయిపోయిందనుకుని మూల కూర్చుని ఏడ్చాను.

తెల్లారి పెండ్లిళ్ళకు వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, "నడువు," అన్నాడు నాయిన.

కాలేజీ కిటికీ దగ్గర గుమాస్తాను అడిగాడు. "సారూ, లెక్కలు జాస్తి ఉండే గ్రూపు ఏది? నా బిడ్డను అండ్ల రాసుకోండ్రి."

"అందులో ఆడపిల్లలెవరూ లేరు పెద్దాయనా..."

"ఇగ ఉంటది గద, నా బిడ్డ!"

ఇప్పుడు నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ముందు బెంచీల నిండా ఆడపిల్లలే. దరఖాస్తులు ఫోన్లోనే నింపుతారు, తండ్రులు కిటికీల దగ్గర ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మంచిదే... కానీ ప్రతి ఏడూ కొత్త జాబితాలో ఆడపిల్లల పేర్లు చదువుతుంటే, చనిపోయిన నాయిన ఆ తెల్లచొక్కాలో గుర్తొస్తాడు.

మీ పేరు అలా పట్టుబట్టి రాయించినవాళ్ళు ఎవరు? వాళ్ళింకా ఉంటే ఇవాళే ఒకసారి ఫోన్ చేయండి... నాకైతే ఆ వీలు లేదు.