ఎవరూ గట్టిగా పిలవని పేరు

మా మేనత్త పోయిందని తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు. అనంతపురంలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడం నా బతుకుతెరువు. ఆ పూట క్లాసుకు బయలుదేరుతున్నాను.

"నిద్రలోనే పోయినట్టుండాదక్కా," అన్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. ఏడవడం లేదు. "నిన్న మాపటేళ వీధిలో నిలబడి ఆ పేరు పిలిచిందక్కా. గట్టిగా," అన్నాడు.

నేను గడప మీదే కూర్చుండిపోయాను. పెద్దామె, వారంగా మంచం పట్టి ఉంది, పోతుందని అందరికీ తెలిసిందే. కానీ ఆ పేరును ఆమె గట్టిగా పిలవడమేమిటి?

ఇందులో వింతేముందో మీకు తెలియాలంటే ఆ పేరు సంగతి చెప్పాలి. ముదిగుబ్బ దగ్గర చిన్న పల్లె మాది. శనక్కాయలు పండితే పండినట్టు, లేకుంటే గొర్రెలే దిక్కు. ఆ పల్లెలో ఇంటికొక నవీర అనే ఆడపిల్ల ఉందంటే పెద్ద అబద్ధమేమీ కాదు. ఆనుకుని ఉన్న ఒకటి రెండు ఊళ్లలోనూ ఉన్నారు. అవి దాటితే లేదు. ఇన్నేళ్లలో నా దగ్గరికి ఎన్నెన్ని ఊళ్ల పిల్లలో వచ్చారు, బయటి నవీర ఒక్కతె కూడా తగల్లేదు. బడికి కొత్తగా వచ్చిన అయ్యవారు మొదటి రోజు హాజరు పిలుస్తూ తల పట్టుకున్నాడట. "ఏమప్పా, మీ ఊర్లో వానలకే గాక పేర్లకూ కరువేనా?" అన్నాడట. ఫోన్‌లో వెతికితే ఒకచోట కొత్త ధైర్యమని, ఒకచోట పార్వతీదేవి అని, ఇంకోచోట వెన్నెల అని అర్థం రాసి ఉంది. ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు. అత్తకు చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది.

"పిలిస్తే పలకడానికే గదమ్మే పేరు. దానికి అర్థం యాడిది?" అంది.

అలా అన్న మనిషే ఆ పేరును పిలవనిచ్చేది కాదు. ఇంతమందికి ఉన్న పేరు మా వీధుల్లో ఎప్పుడూ వినపడదు. అమ్మలు కూతుళ్లను పాపా అనో, బుజ్జీ అనో, ఓ పొట్టిదానా అనో కేకేస్తారు. పేరుతో పిలవాలంటే దగ్గరికి పోవాలి, గడ్డం పట్టుకోవాలి, మెల్లగా అనాలి. అది అత్త పెట్టిన కట్టుబాటు. కాదన్నవాళ్లు లేరు. పాపం ఆ అయ్యవారికి ఇదంతా ఎవరు చెప్తారు? ఆయన గట్టిగా 'నవీరా' అన్నప్పుడు ఆ పిల్లల్లో ఒక్కరూ ఆయన వైపు చూడలేదట. అందరూ తలలు తిప్పి వాకిలి వైపు చూశారట. మర్నాటి నుంచి ఆయన ఇంటిపేర్లతో పిలుస్తున్నాడు.

ఆ పేరు ఎక్కడిదో అత్త నాకు ఒకసారి చెప్పింది. విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాం, ఇద్దరమే ఉన్నాం. ఆమె మొగుడు గుంతకల్లులో రైలు పట్టాల పనికి కూలికి పోయేవాడు. కడుపుతో ఉన్న అత్త కాన్పుకని పుట్టిల్లైన మా ఊరికి బయలుదేరి గుంతకల్లు స్టేషన్‌లో కూర్చుంది. అప్పుడు ఒకామె ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ కూతురిని పిలుస్తోంది. ఆమెది ఏ దేశమో, ఏ భాషో తెలియదు. అర్థమైంది ఆ పేరొక్కటే.

"నవీరా, నవీరా అని పిలుస్తాంది. యా పిల్లా పలకలా. నా బండి కదిలి ఊరు దాటినా ఆ పిలుపు ఇనపడతానే ఉన్నింది," అంది అత్త. "ఎంత బాగుండాదో పేరు, అనుకున్నా. నాకు ఆడపిల్ల పుడితే ఇదే పెడదామనుకున్నా. ఆ పిల్ల దొరికిందో లేదో, అది మాత్రం తెలుసుకోలేదు."

అత్తకు ఆడపిల్లే పుట్టింది. బిడ్డతో అత్త మా ఊళ్లోనే ఉండిపోయింది. ఆ పిల్ల నాకంటే చిన్నది, నా వెంటే తిరిగేది. మా ఊళ్లో మొదటి నవీర. బడిలో చేర్చే వయసుకు జ్వరం తగులుకుంది. రోజూ దీపాలు పెట్టే వేళకు, "అమ్మా, ఎవరో పిలుస్తాండారు," అనేది. నేనూ ఆ మంచం దగ్గర కూర్చుని విన్నాను. అత్త బిడ్డ నోటి మీద చేయి పెట్టి, "పలకొద్దు తల్లీ," అనేది. ఒక సాయంత్రం నీళ్ల ట్యాంకరు వచ్చింది. అత్త రెండు బిందెలు పట్టుకుని పరుగెత్తింది. ఆమె తిరిగి వచ్చేలోగా పిల్ల మంచం మీద లేచి కూర్చుని, "ఆ, వస్తాండా," అంది. నేను పక్కనే ఉన్నాను. ఎవరితో అంటున్నావే అని అడిగాను. పడుకుంది, మళ్లీ లేవలేదు.

చచ్చిపోయిన పిల్ల పేరు ఎవరైనా పెట్టుకుంటారా? మా ఊరు పెట్టుకుంది. అత్త పసిబిడ్డలకు నీళ్లు పోసేది. బండ మీద కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, ఆమె నీళ్లు పోస్తే ఎంత ఏడుపుగొట్టు బిడ్డైనా మధ్యాహ్నం దాకా కదలకుండా నిద్రపోయేది. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతున్న ఒక పొరుగామెకు మళ్లీ ఆడపిల్ల పుట్టినప్పుడు, అత్త నీళ్లు పోస్తూ నవీర అని పెట్టమంది. పోయేదానికి ఏ పేరైతేనేం అని ఆమె సరేనంది. ఆ బిడ్డ బతికింది, ఈ రోజుకు ఇద్దరు బిడ్డల తల్లి. ఆ తర్వాత అత్త అడగకముందే జనం పెట్టుకోవడం మొదలుపెట్టారు.

"ఒకతే ఉంటే పిలిచినోళ్లకు సులభంగా దొరుకుతాది," అంది నాతో. "ఊరంతా అదే పేరైతే ఎవర్నని పట్టుకపోతారు? ఎతుక్కోనీ." మళ్లీ తనే, "ఆ టేషన్లో తిరిగిన తల్లిని తలుచుకుంటే పాపమనిపిస్తాదమ్మే. ఇంతమందిలో ఒక్కతి పలికినా చాలు గదా ఆమెకు, అని గూడా అనిపిస్తాది," అంది. రెండూ ఒకే నోటితో అంది. పిలిచేవాళ్లంటే ఆమెకు భయమూ ఉంది, జాలీ ఉంది. అలాంటి మనిషిని నేను మరొకరిని చూడలేదు.

నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. చిరిగిన పాత చీర ముందు వేసి, "కుట్టు కనపడగూడదు, బట్ట నిలవాల," అనేది. ఈ రోజు నేను తింటున్న తిండి ఆ మాటే పెట్టింది. కన్నబిడ్డ పోయిన మనిషి ఊరి బిడ్డలకు అన్నేళ్లు నీళ్లు పోసింది. ఆమె ముఖం చిట్లించుకోగా నేను చూడలేదు.

ఆమె పోవడానికి కొన్ని వారాల ముందే తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. చూడడానికి వెళ్తే అత్త నా గడ్డం పట్టుకుంది. "మేనత్తవు. చెవిలో పేరు నువ్వే చెప్పాల. మరిచిపోవద్దు. ఊరంతా ఆ పేరు లోపలుండి మన బిడ్డొక్కతే బయట ఉండగూడదు," అంది. సరే అత్తా అన్నాను. అంతకన్నా ఏమనగలను?

దినాలు అయ్యాక ఉయ్యాల కట్టి పేరు పెట్టాలనుకున్నారు. ఆ ముందు రోజు మరదలు నన్ను వంటింట్లోకి పిలిచి చివరి సాయంత్రం జరిగింది చెప్పింది.

"మంచంలో కదల్లేని మనిషి ఒదినా. దీపం పెడతాంటే లేసి నడుచుకుంటా వాకిట్లోకి వచ్చినాది. చేన్ల దిక్కు తిరిగి నవీరా అని పిలిచినాది. ఊరంతా ఇనపడినాది. ఆ పేరు పిల్లోళ్లందరూ పరిగెత్తుకుంటా వచ్చినారు. ఒకదానికి జడ సగమే అల్లింది, ఒకదానికి చేతులకు పిండి. అత్త ఒక్కొక్కదాని గడ్డం పట్టుకుని చూసినాది. 'మీరు గాదు తల్లీ, ఇండ్లకు పోండి,' అన్నాది. నేను పాపనెత్తుకుని తలుపు దగ్గరే ఉండా. అందరూ పోయినాక ఆమె మాత్రం చేన్ల దిక్కే చూసి, నవ్వి, 'రా' అన్నాది. అని పక్కకు జరిగినాది. ఎవరో లోపలికి వస్తాంటే దారి ఇస్తామే, అట్ల."

మరదలు నా చేయి పట్టుకుంది. "నా బిడ్డను ఆ గుంపులో కలపొద్దొదినా. హాసిని అని చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా," అంది.

తమ్ముడు మాత్రం అత్త మాట దాటొద్దన్నాడు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. మాట తప్పితే అత్తకు ద్రోహం చేసినట్టు. తప్పకపోతే కన్నతల్లి భయాన్ని బిడ్డ చెవిలో పోసినట్టు. తెల్లారేసరికి కన్నతల్లి వైపే ఉండాలనుకున్నాను. అత్తా, నువ్వూ తల్లివే గదా, అర్థం చేసుకో అని మనసులోనే చెప్పుకున్నాను.

వాకిట్లోనూ ఇంట్లోనూ జనం. నవీరలు చాలామందే వచ్చారు. పాపను ఉయ్యాలలో వేశారు. నేను ఉయ్యాల మీదికి వంగాను. పాప కదలకుండా పడుకుని ఉంది, పెద్దవాళ్ల మాట శ్రద్ధగా వింటున్నట్టు. హాసిని అనబోయి, పైన కప్పిన గుడ్డ పక్కకు తీశాను. చెవి వెచ్చగా తగిలింది. చెవి వెనకున్న సన్నటి వెంట్రుకలు, దగ్గరగా నోరు పెట్టి మాట్లాడితే కదిలినట్టు, ఇంకా కదులుతున్నాయి.

నేను ఏ పేరూ చెప్పకుండానే లేచి నిలబడ్డాను.

"చెప్పినావా ఒదినా?" అంది మరదలు.

"అత్త చెప్పేసిందమ్మా," అన్నాను.