మబ్బుల దొర అసలు విద్య

కరువు ఊరైన మా తనకల్లు మీదికి వస్తున్న వానను చేతులారా వెనక్కి తరిమేసిన ఘనుణ్ణి చూడాలని ఉందా? ఇదిగో, నేనే.

అరవైల్లో మాట. నేను ఎస్సెల్సీలో ఇంగ్లీషు తప్పి, ఊళ్లో మాత్రం ఇంగ్లీషు వచ్చినవాడిగా చలామణీ అవుతున్న రోజులు. టైలరు మహబూబన్న దుకాణానికి బెంగుళూరు నుంచి వచ్చిన గుడ్డల మూటలో ఓ బొమ్మల పుస్తకం దొరికింది. అట్ట లేదు, పిన్నులు ఊడి పేజీలు చెల్లాచెదురయ్యాయి. వాటిని వరుస పెట్టింది నేనే. నా పతనం అక్కడే మొదలైంది.

కథానాయకుడు ఐర్లండు అనే దీవిలో పాత దేవతల వంశంవాడు. బంగారు జుట్టు, ఆకుపచ్చ అంగీ. అతని గుర్రం గిట్టలు తడవకుండా సముద్రం మీద పరిగెత్తుతుంది. విసిరిన ఈటె పెంపుడు పావురంలా చేతికి తిరిగొస్తుంది. మధ్యాహ్నాలు పుస్తకం మొహమ్మీద కప్పుకుని బల్ల మీద పడుకుంటే, కుట్టుమిషను చప్పుడు గుర్రపు డెక్కల చప్పుడయ్యేది. సముద్రం నేనెన్నడూ చూడలేదు. మా చెరువును వందింతలు చేసి, అందులో నీళ్లు కూడా ఉన్నట్టు ఊహించుకునేవాణ్ణి.

"ఏమప్పా నారాయణా, ఈ దొర ఏం చేస్తాండాడు?" అడిగాడు మహబూబన్న.

"ఆకాశానికి ఈటె విసురుతాడన్నా. మబ్బులు కమ్ముకొని వాన పడతాది."

రవిక కుట్టించుకోవడానికి వచ్చిన రంగమ్మ పెద్దమ్మ చటుక్కున తిరిగింది. "యాడుండాడు నాయనా ఆ దేవుడు? పిలిస్తే పలుకుతాడా?"

బుద్ధున్నవాడైతే ఇది ఉత్త బొమ్మల కథ అనేవాడు. నేను "పలక్కేం పెద్దమ్మా!" అన్నాను.

ఆమె ఆ మాట నమ్మి వాన పడకముందే పొడిదుక్కిలో శనక్కాయ విత్తనాలు వేసింది. దొర బొమ్మను మైదాపిండితో పలకకు అంటించి కుంకుమ పెట్టింది. మబ్బు కనిపించిన రోజు నేను పలక పట్టుకుని గుట్టెక్కేవాణ్ణి, వెనక సగం ఊరు. చల్లగాలికి కళ్లు మూసుకుంటే గుట్ట ఓడలా కదిలేది, నా జుట్టు బంగారంలా ఎగిరేది. కళ్లు తెరిస్తే ఆకాశం కడిగిన గిన్నెలా ఉండేది.

"మబ్బులేవప్పా?"

"పెద్ద మబ్బుల్ని పిలుచుకొచ్చేకి పోయినాయి!"

వారం తర్వాత మళ్లీ మబ్బులొచ్చాయి. దొరను చూపించాం, పోయాయి. ఆపై వారమూ అంతే.

అంతలో బెంగుళూరు నుంచి మా బావ వచ్చాడు. దుకాణంలో పేజీలు చదివి, నవ్వలేక నేలమీద కూలబడ్డాడు. "ఒరే, పేజీలు ముందువి వెనకా, వెనకవి ముందూ పెట్టినావు కదరా! ఆ దీవిలో ఏడాదంతా వానే. జనం ఎండ కోసం ఏడుస్తాండారు. ఈయన సూర్యుడి అంశ. ఈటె విసిరి మబ్బుల్ని చెదరగొడతాడు. ఎండ కాయించేదే ఈయన విద్య!"

దొర పలకతో అక్కడే కూర్చున్న పెద్దమ్మ అంతా వింది. ఆమె విత్తనాలు మట్టిలో ఉన్నాయి. ఆమె మొహం చూడలేక నా కాళ్లు వాటంతటవే గుమ్మంవైపు జరిగాయి.

"మాకేం ఎండ కరువొచ్చిందా, బెంగుళూరు నుంచి తెప్పించుకునేకి!" అంటూ ఆమె దొరను గోనెపట్టాలో చుట్టి, గంప కింద బోర్లా పడేసింది.

రెండు మూడు రోజులకే వాన దిగింది. గుట్టలు కనిపించలేదు, ఊరంతా బూడిదరంగు పొగమంచు. చూరు కింద కూర్చుని, దొర వాళ్ల ఊరు ఇట్లానే ఉంటుందేమో అనుకున్నాను.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కోతలయ్యి, శనక్కాయ కళ్లంలో ఆరుతుండగా ఆకాశం నల్లబడింది. పెద్దమ్మ గోనెపట్టా చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"లెయ్యప్పా నారాయణా! ఇప్పుడుండాది మీ దొరతో పని!"

మహబూబన్నా వాళ్లూ కుప్పలకు తాటాకులు కప్పుతుంటే, నేను గుట్టెక్కి పలకను మబ్బులకెదురుగా ఎత్తిపట్టాను. వాన కుండపోతగా నా నెత్తినే పడింది. మైదా నాని, దొర మెల్లగా పలకమీది నుంచి జారి నీళ్లతో కొట్టుకుపోయాడు. కుప్పలు దక్కాయి, దేవుడు దక్కలేదు.

"పోనీలే నాయనా," అంది పెద్దమ్మ నా తల తుడుస్తూ. "ఇంత వాన చూసి, సొంతూరే అనుకొని దిగిపోయినాడు."

అప్పుడే తుమ్ముల మధ్య ప్రమాణం చేశాను: మీ ఊళ్లో వానలెట్లుంటాయి స్వామీ అని ముందుగా అడగకుండా, ఏ దేశపు దేవుణ్ణీ ఇంకెప్పుడూ మా జిల్లాకు పిలవను!