బాలింత ఆడిన కార్ల పందెం

ఆ వేసవి మొదట్లో నేను పుట్టింట్లో, చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, మంచం మీద కూర్చుని టీవీలో కార్ల పందేలు ఆడాను. ఒళ్ళో బిడ్డ లేదు. బిడ్డ లేకపోయినా బాలింత బాలింతే అన్నది మా అమ్మ. పథ్యం తప్పలేదు, సాంబ్రాణి పొగ తప్పలేదు, నడుముకు గుడ్డ బిగించడం తప్పలేదు. పాలు ఆగిపోవడానికి రొమ్ముల మీద మల్లెపూలు కట్టేది. దూది మా చేలోదే. ఆఖరి తీతలో మిగిలిన పత్తిలోంచి గింజ తీసేసి, ఉండ చేసి, పొద్దున్నే రెండు చెవుల్లో కుక్కేది.

"తియ్యబాకే. చెవుల్లోకి గాలి పోయిందంటే జన్మంతా తలనొప్పే."

నాకు ఆ దూది బాగానే ఉండేది. ఎవరేమన్నా సగమే వినబడేది.

పాప గుంటూరు ఆస్పత్రిలో పుట్టింది. పుట్టేటప్పటికే ప్రాణం లేదు. మత్తిచ్చి ఆపరేషన్ చేశారు కాబట్టి నాకేదీ తెలియదు. తెలివి వచ్చేసరికి పెద్దవాళ్ళు అన్నీ నిర్ణయించేసి, ముగించేసి, తలా ఒక గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. "చూస్తే తట్టుకోలేవనమ్మా" అన్నారు మా అత్తగారు. తట్టుకుంటానో లేదో ఆవిడకెలా తెలుసో నేను అడగలేదు. ఆడపిల్ల అని నర్సు చెప్పింది, అంతే. పాప ఎలా ఉందో నాకు చెప్పగలిగిన మనిషి మా ఆయన. ఆయన్ని అడగాలి. నా మనసులో ఉన్నది ఆ ఒక్క పనే. ఆయన వచ్చేవారు, కూర్చునేవారు, వెళ్ళేవారు. నాకు నోరు పెగిలేది కాదు.

ఆయన గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు. ఆదివారం ఆదివారం ఒంగోలు దాకా ఒక బస్సు, అక్కణ్ణించి చీమకుర్తి వైపు ఇంకో బస్సు ఎక్కి మా ఊరు వచ్చేవారు. మొదటిసారి ఏం తేవాలో తోచలేదు కాబోలు, పండ్లు తెస్తే చలవ చేస్తాయని అమ్మ ముట్టనివ్వదు కాబట్టి, తన వీడియో గేముల పెట్టె సంచిలో పెట్టుకుని తెచ్చారు. పెళ్ళైన కొత్తలో ఆ పెట్టెను చూసి ఎంత ఎగతాళి చేశానో. ఎమ్మెస్సీ చదివి ఈ బొమ్మకార్లేంటండీ అనేదాన్ని. ఆ రోజు ఏమీ అనలేదు. ఆయనే టీవీకి తగిలించి, రిమోటు లాంటిది నా చేతిలో పెట్టారు.

"ఈ వారంవి కొన్ని మిగిలిపోయినయ్. గురువారం దాకా టైముంది. చేస్తావా?"

సరేనన్నాను. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి అంతకన్నా ఏదీ దొరకలేదు.

ఆటలో ఒక దేశం దేశమంతా రోడ్లే. ఎటు కావాలంటే అటు పోవచ్చు. ప్రతి గురువారం సాయంత్రం కొత్త పనులు వస్తాయి. ఫలానా కెమెరా ముందు నుంచి ఇంత వేగంతో దూసుకుపో, ఫలానా గుట్ట మీంచి కారును ఎగిరించు, ఫలానా కారుతో పందేలు గెలువు. అన్నీ చేస్తే ఒక కొత్త కారు ఇస్తారు. గురువారం దాటితే అవి పోయి వేరేవి వస్తాయి. కాలం కూడా వారానికొకటి మారుతుంది. ఒక వారం వాన, ఇంకో వారం మంచు. మా కిటికీ బయట మాత్రం ఒకటే ఎండ. చెట్టునో గోడనో గుద్దితే ఒక మీట నొక్కితే చాలు, గుద్దకముందుకు వెళ్ళిపోవచ్చు. ఆ మీట నేను ముట్టుకోలేదు. గుద్దితే గుద్దింది, కొంపేమీ మునగదుగా.

నాకు బాగానే చేతనైంది. గెలిస్తే సంతోషమూ లేదు, ఓడితే బాధా లేదు. చేయాల్సినవి ఉన్నాయి, చేశాను. కొత్త కారు వచ్చినప్పుడు తెర మీద రంగు కాగితాలు ఎగిరేవి. అవి నేలకు చేరకముందే తర్వాతి పనిలోకి వెళ్ళిపోయేదాన్ని. "కళ్ళు పోతయ్యే" అని అమ్మ గొణిగేది. ఆటకు నెట్ కావాలి కాబట్టి నాన్న తన ఫోను ఇంట్లోనే వదిలేసి మిరపకాయల కళ్ళానికి వెళ్ళేవారు. వ్యాపారస్తులు ఫోన్ చేస్తే, ఒక చేత్తో కారు తోలుతూనే "నాన్న కళ్ళంలో ఉన్నారండీ" అని చెప్పేదాన్ని. కళ్ళం ఇంటి వెనకే. ఆ ఘాటుకు ఇంట్లో అందరికీ దగ్గు, అందరి కళ్ళలో నీళ్ళు. నాకు అవి కూడా రాలేదు.

పలకరించడానికి వచ్చిన ఒకావిడ "పోన్లేమ్మా, ఆడపిల్లేగా" అంది. దూది ఉన్నా ఆ ముక్క మాత్రం శుభ్రంగా వినబడింది. ఆవిడ మొహాన ఆ రిమోటు విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. ఆ వారం వేగం పనులన్నీ ఆ మధ్యాహ్నమే అయిపోయాయి.

రోజూ సాయంత్రం ఆయన ఫోన్ చేసేవారు.

"ఈ వారం ఎంతైంది?"

"సగం అయింది."

"ఆ గుట్ట మీంచి ఎగిరేది కష్టం. వెనక్కెళ్ళి దూరం నుంచి రా."

"సరే."

పెట్టేసేవాళ్ళం. అమ్మకు అల్లుడి మీద ఒకటే సణుగుడు. ఉన్న కారు షెడ్లో పెట్టుకుని ఈ ఎండల్లో రెండు బస్సులు మారడం ఏంటో అని. నాకూ అర్థమయ్యేది కాదు. ఆ కారు పాప కోసమే కొన్నాం. బిడ్డను ఆస్పత్రి నుంచి ఆటోలో తేవడమేంటని ఆయన పట్టుబట్టి కొన్నారు. పెదకాకాని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, ముందు పసుపుతో స్వస్తిక్ వేశారు. కొండంత పొట్టతో నేను ముందు సీట్లో కూర్చుంటే "మెల్లగా పోనివ్వు నాయనా, ముగ్గురున్నారు" అన్నారు పూజారిగారు. అలాంటి కారును వదిలేసి బస్సులో వస్తున్నారంటే, దాన్ని చూస్తే అసహ్యం కాబోలు, నన్ను చూసినా అంతేనేమో అనుకున్నాను.

ఒక ఆదివారం ఆయన వచ్చేసరికి ఆ వారం పనుల్లో ఒక్కటే మిగిలింది. ఏదో ఒక కారును సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ దగ్గర నిలిపి ఫోటో తీయాలి. తేలికని ఆఖరికి ఉంచాను. ఆయన భోంచేసి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను కారు నిలిపి ఫోటో మీట నొక్కాను. అది నొక్కితే ఆటలో అన్నీ ఆగిపోతాయి, అలలు కూడా. కెమెరాను కారు చుట్టూ తిప్పుకోవచ్చు. తిప్పాను. అద్దంలోంచి డ్రైవరు కనిపించాడు. పక్కన ఖాళీ సీటు కనిపించింది. అక్కడ ఆపేశాను.

"ఫోటో తీశారా?" అన్నాను.

"తియ్యాల్సింది నువ్వేగా. కిందది నొక్కు."

"పాపది."

ఆయన తెర వైపే చూస్తూ ఏదో అన్నారు. సరిగా వినబడలేదు. నేను రెండు చెవుల్లో దూదీ లాగేసి దుప్పటి మీద పెట్టాను. ఒక్కసారిగా ఇంట్లో చప్పుళ్ళన్నీ పెద్దవయ్యాయి. ఫ్యాను, కళ్ళంలో కూలీల మాటలు, రోడ్డు మీద రాళ్ళ లారీ.

"మళ్ళీ చెప్పండి."

"లేదు. తీద్దామని ఫోను బయటికి తీశా. మా నాన్న వద్దన్నారు."

"ఎలా తీసుకెళ్ళారు?"

"మన కార్లోనే. నాన్న పట్టుకుంటానన్నారు. నేనివ్వలా. ఒళ్ళో పెట్టుకుని నడిపా. ఎడం చెయ్యి దాని మీదేసి ఉంచా. గేరు మార్చాలంటే చెయ్యి తియ్యాలిగా. అందుకని రెండో గేర్లోనే పోనిచ్చా, గుంటూరు దాటి, పెదకాకాని దాటి, మా చేను దాకా. వెనక లారీలన్నీ ఒకటే హారన్లు. నాన్న తిట్టారు. అయినా తియ్యలా."

అందుకే బస్సులో వస్తున్నారు. నేనేమో ఏవేవో అనుకున్నాను.

"ఎలా ఉంది?"

"జుట్టు బాగా ఉంది. ముక్కు నాదే, పాపం." మొదటిసారి నా వైపు తిరిగారు. "చెవులు మాత్రం నీవి. అచ్చం నీవే. ఆ అంచు మడత కూడా."

నా చెయ్యి నా చెవి మీదికి వెళ్ళింది. అంచు మడత ఒకటి ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పారు. అమ్మ ఆయన తిన్న మజ్జిగన్నం పళ్ళెం తీసుకెళ్ళడానికి వచ్చి, దుప్పటి మీద దూది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దూది తీసేశావేందే!"

"ఉండమ్మా, వింటున్నాను" అన్నాను.

ఆ వారం ఫోటో తీయలేదు. గురువారం వచ్చింది, ఆ పని పోయింది, కొత్తవి వచ్చాయి. అవి ఏమిటో కూడా నేను చూడలేదు. వచ్చేటప్పుడు కారు తెండి అని ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

అమ్మ లెక్క ప్రకారం ఇంకా కొన్నాళ్ళు ఉండాలి. అమ్మతో గొడవపడే బయల్దేరాను, ముందు పాపను పెట్టిన చేను దగ్గరికి పోదామని. తలకు గుడ్డ మాత్రం అమ్మ తృప్తి కోసం కట్టుకున్నాను. సీట్ల మీద ప్లాస్టిక్ ఇంకా తీయలేదు, కూర్చుంటే చప్పుడైంది. గుంటూరు దాటి పెదకాకాని దగ్గరికి వచ్చాక, నేను అడగకుండానే ఆయన వేగం తగ్గించి రెండో గేర్లోకి దించారు. ఎడం చెయ్యి గేరు మీంచి తీసి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు ఉంచి, చివరికి ఒళ్ళో పెట్టుకున్నారు. వెనకే మిర్చి బస్తాలు వేసుకున్న లారీ ఒకటి వచ్చి ఆగకుండా హారన్ మోగించడం మొదలుపెట్టింది. ఆయన అద్దంలోకి చూశారు.

"కొట్టుకోనీండి" అన్నాను. "మీరు ఇలాగే పోనివ్వండి."